పాత కారు కొంటున్నారా? ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరిపోయిందని నిశ్చింతగా ఉండకండి

మూడు నెలల క్రితం నేను కొన్న సెకండ్ హ్యాండ్ కారులో స్టీరింగ్ మధ్య ఎయిర్‌బ్యాగ్ ముద్ర ఉన్న మూత ఉంది గాని, దాని వెనుక ఎయిర్‌బ్యాగ్ లేదు. హారన్ సరిగా మోగడం లేదని మొన్న మెకానిక్ చేత ఆ మూత విప్పించినప్పుడు గాని ఈ సంగతి బయటపడలేదు. సంచి ఉండవలసిన చోట బోలుగా ఉంది, కనెక్టర్ తీగల మధ్య చిటికెన వేలి గోరంత రెసిస్టర్ ఒకటి అతికించి ఉంది. సంచిని నింపే అసలు ఇన్‌ఫ్లేటర్‌కు ఉండే సుమారు 2 ఓమ్‌ల నిరోధాన్నే ఇది చూపుతుంది కనుక, ఎయిర్‌బ్యాగ్‌ను నడిపించే కంట్రోల్ యూనిట్ అంతా సవ్యంగా ఉందనుకుని, తాళం తిప్పగానే వెలిగిన హెచ్చరిక దీపాన్ని కొన్ని క్షణాల్లో ఆర్పేస్తుంది. కొనేటప్పుడు నేను నమ్మింది ఆ దీపాన్నే.

డ్రైవరు బెల్టు నెమ్మదిగా చుట్టుకోవడాన్ని కూడా పాతబడిందిలే అని వదిలేశాను. నిజానికి గతంలో జరిగిన ప్రమాదంలో దాని ప్రీటెన్షనర్ పేలిపోయిందట. అది ఒక్కసారికే పనికివచ్చే భాగం. ఢీకొన్న మరుక్షణమే బెల్టులోని వదులును లాగి మనిషిని సీటుకు బిగించవలసింది అదే. ఆ తర్వాత బెల్టు కొద్దికొద్దిగా సడలుతూ ఛాతీ మీది ఒత్తిడిని తగ్గిస్తుంటే, సుమారు 30 నుంచి 50 మిల్లీసెకన్లలో నిండిన సంచి, తల వచ్చి తగిలేసరికి తన రంధ్రాల గుండా గాలి వదులుతూ దాన్ని మెత్తగా ఆపుతుంది. బెల్టు లేని మనిషి బ్రేకు పడగానే ముందుకు జారి, ఇంకా విచ్చుకుంటున్న సంచికే ఎదురు వెళతాడు, ఆ దెబ్బకు ప్రాణమే పోవచ్చు. బెల్టు పెట్టుకుని కూడా సంచి లేకపోతే తల స్టీరింగ్‌కు కొట్టుకునే ప్రమాదం ఉంది. నా కారులో రెండూ సరిగా లేవు!

కాబట్టి బేరం కుదరకముందే కంట్రోల్ యూనిట్‌లో పాత ప్రమాదం నమోదై ఉందేమో స్కానర్‌తో చూపించండి. అయితే రెసిస్టర్ పెట్టిన సంగతి స్కానర్‌కు కూడా తెలియకపోవచ్చు, అందుచేత తెలిసిన మెకానిక్ చేత మూత విప్పించి కళ్లతో చూడడమే నయం. ఆ పని మీరు మాత్రం చేయకండి. బ్యాటరీ తీసిన తర్వాత కూడా కొంతసేపు విద్యుత్తు నిల్వ ఉంటుంది, దానితో సంచి ఉన్నట్టుండి విచ్చుకోవచ్చు. బెల్టును చివరిదాకా లాగి, కరిగినట్లు నిగనిగలాడే చారలున్నాయేమో, దాని చీటీ మీది తయారీ తేదీ కారు వయసుకు సరిపోతుందో లేదో చూడండి. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ ఉండే డ్యాష్‌బోర్డు మూత రంగు తేడాగా ఉన్నా అనుమానించవలసిందే.

"ఒక్క గీత కూడా పడలేదు" అన్న అమ్మకందారు ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ఎయిర్‌బ్యాగ్, బెల్టు మార్పించేదాకా కారును బయటికి తీయడం లేదు.