సౌరకుటుంబం కిట్ కొనేముందు భూమి ఒరిగి ఉందో లేదో చూసుకోండి

శ్రీకాకుళంలో పిల్లల సైన్స్ ప్రాజెక్టుకి రెడీమేడ్ సౌరకుటుంబం కిట్ కొనబోయేవాళ్ళు ఇది చదివి వెళ్ళండి. నాకు 850 రూపాయలు వదిలాయి.

మా అమ్మాయి ఏడో తరగతి. బడిలో ఎగ్జిబిషన్ ఇంకో రెండు రోజులుందనగా చెప్పింది. ఆ సాయంత్రమే డే అండ్ నైట్ జంక్షన్‌లో బస్సు దిగి, బజార్లో ఒక షాపుకి వెళ్ళాం. స్విచ్ వేస్తే సూర్యుడు వెలిగాడు, గ్రహాలు గిర్రున తిరిగాయి. ఇంకేమీ చూడకుండా డబ్బులిచ్చేశాను. బిల్లు కూడా అడగలేదు, అది నా తప్పే.

ఇంటికొచ్చి చార్టు విప్పితే పైన పెద్ద అక్షరాలతో 'నవగ్రహాలు', చివర్లో ప్లూటో. దాన్ని 2006లోనే మరుగుజ్జు గ్రహాల్లో కలిపేశారు, ఇప్పుడు గ్రహాలు ఎనిమిదే. గుళ్ళో మనం ప్రదక్షిణ చేసే నవగ్రహాల్లో సూర్యుడు, చంద్రుడు, రాహుకేతువులు ఉంటారు, అసలు భూమే ఉండదు. ఆ లెక్క వేరు. సరే, పాత అచ్చు అనుకుని సర్దుకున్నాను.

కింద చూస్తే సూర్యుడికీ భూమికీ దూరం 1.5 కోట్ల కిలోమీటర్లు! తప్పు పట్టింది మా అమ్మాయే. సూర్యకాంతి మనకి చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లు అని అదే చార్టులో ఉంది. అంటే 500 సెకన్లు. కాంతి సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. గుణిస్తే 15 కోట్లు. నిజంగా ఒకటిన్నర కోటి దూరంలోనే ఉంటే మన మీద పడే ఎండ ఇప్పటికి వంద రెట్లు ఉండేది. మే నెలలో ఇప్పుడున్నదే తట్టుకోలేకపోతున్నాం.

ఎండ అంటే గుర్తొచ్చింది, 'భూమి సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు వేసవి వస్తుంది' అని కూడా రాశారు. పిల్లలు ఇది ఇట్టే నమ్మేస్తారు. భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి మొదట్లో, మనం దుప్పట్లు కప్పుకునే రోజుల్లో. బాగా దూరమయ్యేది జులై మొదట్లో. రెండిటికీ తేడా 50 లక్షల కిలోమీటర్లే, 15 కోట్లలో అదేం పెద్ద లెక్క కాదు. ఋతువులు మారేది భూమి అక్షం సుమారు 23.5 డిగ్రీలు ఒరిగి ఉండటం వల్ల.

అసలు మోసం అక్కడే ఉంది. కిట్‌లో భూమిని నిటారుగా కడ్డీకి గుచ్చేశారు, ఒరగడం అన్నదే లేదు. ఆ బొమ్మే నిజమైతే సూర్యుడు ఏడాది పొడుగునా ఒకే చోట ఉదయించాలి. మన అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుళ్ళో మార్చి రెండో వారంలో, మళ్ళీ అక్టోబరు మొదట్లో స్వామి పాదాల మీద కిరణాలు పడతాయని జనం తెల్లవారకముందే వెళ్ళి నిలబడతారు కదా. భూమి ఒరిగి ఉండబట్టే సూర్యుడు ఉదయించే చోటు ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతూ ఏడాదిలో రెండుసార్లు స్వామి పాదాలకి సూటిగా వస్తుంది. ఈ కిట్ ప్రకారమైతే కిరణాలు రోజూ పడాలి, లేదా ఎప్పుడూ పడకూడదు.

ఇంకా ఉంది. పైనుంచి చూస్తే గ్రహాలన్నీ గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతున్నాయి. భూమి తన చుట్టూ తాను తిరిగేది కూడా అటే. అంటే సూర్యుడు పడమట ఉదయిస్తాడన్నమాట. బ్యాటరీలు తిరగేసి పెడితే మోటారు రివర్స్ అవుతుందని మా తమ్ముడు చెప్పాడు. పెట్టాం. భూమి సరైన వైపే తిరిగింది, కానీ సూర్యుడు ఆరిపోయాడు. ఎల్‌ఈడీ బల్బుకి కరెంటు ఒక్క వైపు నుంచే వెళ్ళాలట.

మర్నాడు షాపుకి పట్టుకెళ్తే, "ఏటమ్మా, పిల్లలు ఆడుకునే బొమ్మకి ఇన్ని లెక్కలేటి? పెట్టె విప్పేశాక వాపసు లేదు" అన్నాడు. పెట్టె అంతా వెతికినా తయారుచేసినవాళ్ళ పేరు గానీ, అడ్రసు గానీ లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామన్నా చేతిలో బిల్లు ముక్క లేదు.

అందుకే షాపులోనే పెట్టె విప్పించండి. భూమి కడ్డీ ఏటవాలుగా ఉందా, పైనుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతోందా, చార్టులో 15 కోట్లు ఉందా చూడండి. వేసవి గురించి ఏం రాశారో తప్పకుండా చదవండి. బిల్లు చేతిలో పడ్డాకే డబ్బులివ్వండి.

చివరికి మా అమ్మాయి బత్తాయికి అల్లిక సూది గుచ్చి, కోణమానినితో కొలిచి ఒరగబెట్టి, మధ్యలో టార్చిలైటు పెట్టుకుని ఎగ్జిబిషన్ చేసేసింది. నిన్న అటు వెళ్తూ చూశాను, అదే కిట్ ఇంకా షాపు ముందు వేలాడుతోంది. మీద 'ఆఫర్' అని కాగితం అంటించి 799 చేశాడు.