బెనెడిక్ట్, ఫెహ్లింగ్: చక్కెర పరీక్షకు ఏది మేలు?

కెమిస్ట్రీ ల్యాబులో ఫెహ్లింగ్ ఎందుకు, బయాలజీ ల్యాబులో బెనెడిక్ట్ ఎందుకు అని ఇంటర్, డిగ్రీ విద్యార్థులు పదే పదే అడుగుతుంటారు. రెండూ క్షయకరణ చక్కెరలను (రాగి అయాన్‌కు ఎలక్ట్రాన్లు ఇచ్చే గ్లూకోజ్ లాంటి చక్కెరలను) పట్టే ద్రావణాలే. రెండింటిలోనూ రాగి అయానే పని చేస్తుంది, చివరికి అడుగున చేరేది కూడా ఒకటే, ఇటుక రంగు క్యూప్రస్ ఆక్సైడ్. రాగిని కరిగిన స్థితిలో నిలిపి ఉంచడానికి బెనెడిక్ట్‌లో సిట్రేట్, ఫెహ్లింగ్‌లో టార్ట్రేట్ వాడతారు కాబట్టి తేడా అక్కడే ఉందని చాలామంది అనుకుంటారు. అసలు తేడా క్షారంలో ఉంది.

ఫెహ్లింగ్‌లో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్, బెనెడిక్ట్‌లో ఉండేది సోడియం కార్బనేట్. వేడి మీద హైడ్రాక్సైడ్ చక్కెర అణువునే విరగ్గొడుతుంది, కొంత గ్లూకోజ్ రాగిని క్షయకరించకముందే చెడిపోతుంది. గ్లూకోజ్ దండిగా ఉన్న శాంపిల్‌లో ఈ నష్టం ఎవరికీ కనిపించదు. 0.1 శాతం దగ్గర ఉన్న శాంపిల్‌లో మాత్రం ఫలితమే మారిపోవచ్చు. దీనికితోడు మూత్రంలో సహజంగా ఉండే యూరిక్ ఆమ్లం, క్రియాటినిన్ ఫెహ్లింగ్ పరీక్షను గందరగోళం చేస్తాయి. బెనెడిక్ట్ మీద వాటి ప్రభావం చాలా తక్కువ. 1849 నాటి ఫెహ్లింగ్ ద్రావణం ఉండగానే 20వ శతాబ్దం మొదట్లో స్టాన్లీ బెనెడిక్ట్ క్షారాన్ని మార్చి కొత్తది తయారు చేయడానికి కారణాలు ఇవే. జీవ పదార్థాల్లో చక్కెర ఉందా లేదా అని చూడటానికైతే నా ఓటు బెనెడిక్ట్‌కే.

నిల్వ విషయంలోనూ అదే ముందుంటుంది. బెనెడిక్ట్ ఒకే సీసాలో నెలల తరబడి చెడకుండా ఉంటుంది. ఫెహ్లింగ్ ఎ (రాగి ఉన్నది), బి (క్షారం, టార్ట్రేట్ ఉన్నది) ద్రావణాలను విడివిడిగా ఉంచి, వాడేముందు సమపాళ్లలో కలపాలి. కలిపి ఉంచితే గాఢ క్షారంలో టార్ట్రేటే మెల్లగా రాగిని క్షయకరిస్తుంది, చక్కెర లేకపోయినా ఎర్రటి మడ్డి దిగుతుంది. అందుకే ఫెహ్లింగ్ వాడిన ప్రతిసారీ పక్కన మరో ట్యూబులో శాంపిల్‌కు బదులు నీళ్లు పోసి వేడి చేయండి. అది నీలంగానే ఉంటేనే మిగతా ట్యూబులను నమ్మండి. బి ద్రావణానికి గాజు బిరడా పెట్టకండి. క్షారం గాజును తిని, బిరడా ఊడిరాకుండా బిగుసుకుపోతుంది. రబ్బరుదో ప్లాస్టిక్‌దో పెట్టండి.

బెనెడిక్ట్ తయారీలో వరస తప్పితే ద్రావణం పాడవుతుంది. లీటరుకు 173 గ్రాముల సోడియం సిట్రేట్, నీరు లేని సోడియం కార్బనేట్ 100 గ్రాములు తీసుకుని సుమారు 800 మి.లీ. వేడి నీళ్లలో కరిగించి వడగట్టాలి. 17.3 గ్రాముల మైలుతుత్తాన్ని (కాపర్ సల్ఫేట్) 100 మి.లీ. నీళ్లలో విడిగా కరిగించి, మొదటి ద్రావణంలోకి సన్నటి ధారగా పోస్తూ కలపాలి, తర్వాత లీటరుకు సరిచేయాలి. సిట్రేట్ అందకముందే రాగి, కార్బనేట్ కలిస్తే కాపర్ కార్బనేట్ ఆకుపచ్చ పిండిలా విరిగిపోతుంది. చాకలి సోడా స్ఫటికాలే దొరికితే 100 గ్రాములు సరిపోవు. వాటి బరువులో ఎక్కువ భాగం నీరే కాబట్టి సుమారు 270 గ్రాములు కావాలి.

పరీక్షకు 5 మి.లీ. బెనెడిక్ట్, 8 చుక్కల శాంపిల్ చాలు. మరుగుతున్న వాటర్ బాత్‌లో 5 నిమిషాలు ఉంచి, చల్లారాక రంగు చూడాలి. ఆకుపచ్చ అయితే సుమారు అర శాతం లోపు, పసుపు అయితే 1 శాతం దాకా, నారింజ అయితే ఒకటిన్నర దాకా, ఇటుక ఎరుపు అయితే 2 శాతం, ఆపైన. ఆకుపచ్చ అనేది కొత్త పదార్థమేమీ కాదు, మిగిలిపోయిన నీలంలో పసుపు రేణువులు తేలుతుంటే కంటికి అలా కనిపిస్తుంది. మంట మీద నేరుగా పెడితే ద్రావణం ఎగిరి చిమ్ముతుంది. ఫెహ్లింగ్‌తో ఇది కళ్లకే ప్రమాదం, అద్దాలు లేకుండా చేయొద్దు.

బెనెడిక్ట్ గ్లూకోజ్‌ను మాత్రమే గుర్తిస్తుందనుకోవద్దు. విటమిన్ సి మాత్రలు వేసుకున్నవారి మూత్రమూ రంగు మార్చగలదు, పాలిచ్చే తల్లుల మూత్రంలోని లాక్టోజ్ కూడా అంతే. షుగర్ వ్యాధిని గమనించుకోవడానికైతే ఈ రెండూ కాదు, రక్త పరీక్షే సరి. రక్తంలో గ్లూకోజ్ 100 మి.లీ.కు సుమారు 180 మి.గ్రా. దాటేదాకా మామూలుగా మూత్రంలో కనిపించదు.

సుక్రోజ్ (మామూలు పంచదార) దగ్గర మాత్రం బెనెడిక్ట్ ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. అది క్షయకరణ చక్కెర కాదు కాబట్టి ముందు విడగొట్టాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మరిగించి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొట్టాక, చిటికెడు చిటికెడు సోడియం కార్బనేట్ వేస్తూ నురగ ఆగేదాకా తటస్థం చేయాలి. ఈ అడుగు వదిలేస్తే మిగిలిన ఆమ్లం బెనెడిక్ట్‌లోని కార్బనేట్‌ను హరించేస్తుంది, ఎరుపు రాదు. విద్యార్థి 'జలవిశ్లేషణ జరగలేదు' అని రాసేస్తాడు. ఫెహ్లింగ్‌లోని గాఢ క్షారం కొద్దిపాటి ఆమ్లాన్ని తట్టుకుంటుంది.

చక్కెర ఎంత ఉందో కొలవాల్సి వస్తే ఫెహ్లింగే మేలు. లేన్-ఎయినన్ టైట్రేషన్‌లో (మరుగుతున్న ఫెహ్లింగ్‌లోకి చక్కెర ద్రావణాన్ని కొలిచి పోసే పద్ధతి) అనకాపల్లి బెల్లంలోనో తేనెలోనో క్షయకరణ చక్కెర శాతం తేల్చేది దీనితోనే. మరుగుతున్న 10 మి.లీ. ఫెహ్లింగ్ సుమారు 50 మి.గ్రా. గ్లూకోజ్‌కు సమానం. కచ్చితమైన విలువను ప్రతిసారీ తెలిసిన గ్లూకోజ్ ద్రావణంతో సరిచూసుకోవాలి. రాగి అయిపోగానే, సూచికగా వేసిన మిథిలీన్ బ్లూ రంగు పోతుంది. మధ్యలో మరగడం ఆగితే గాలి లోపలికి వెళ్లి రంగు తిరిగొస్తుంది, అప్పుడు చక్కెర ద్రావణం ఎక్కువ ఖర్చయి లెక్క తప్పుతుంది. బెల్లం వ్యాపారంలో ఈ అంకెకు విలువుంది: క్షయకరణ చక్కెర ఎక్కువగా ఉన్న దిమ్మ వానాకాలంలో తేమ పీల్చి మెత్తబడుతుంది.

ఇవి కాక మరో రెండు పరీక్షలున్నాయి. బార్ఫోయెడ్ కూడా రాగి పరీక్షే, కానీ ఆమ్ల మాధ్యమంలో పని చేస్తుంది. గ్లూకోజ్ లాంటి మోనోసాకరైడ్లను (ఒకే యూనిట్ చక్కెరలను) రెండు యూనిట్లున్న మాల్టోజ్, లాక్టోజ్‌ల నుంచి వేరుగా గుర్తించడానికి పనికొస్తుంది, రెండు మూడు నిమిషాలకు మించి మరిగించకపోతేనే. వెండి ద్రావణంతో చేసే టోలెన్స్ పరీక్షను వెండి అద్దం చూపించడానికి చేయొచ్చు, కానీ మిగిలిన ద్రావణాన్ని దాచొద్దు. ఎండితే పేలే వెండి సమ్మేళనం ఏర్పడుతుంది, అదే రోజు పలుచటి ఆమ్లం కలిపి పారేయాలి.