సంతకం పెట్టిన రోజుకి ఆ కంపెనీ పుట్టనే లేదు! ఫ్రాంచైజీ తీసుకునేవాళ్లు జాగ్రత్త

ఇప్పుడే వాళ్ల ఆఫీసు నుంచి వచ్చాను, చేతులు ఇంకా వణుకుతున్నాయి. టీ ఫ్రాంచైజీ అంటూ ఫేస్‌బుక్‌లో తిరిగే ఆ యాడ్ మీరూ చూసే ఉంటారు. పేరు మాత్రం రాయొద్దని లాయర్ గారు గట్టిగా చెప్పారు.

ఏప్రిల్ 2న నాలుగు లక్షలు కట్టాను. అందులో సగం మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి తెచ్చినవి. జూన్‌కల్లా మిషన్లు, బోర్డు, సరుకు దింపుతామన్నారు. ఆగస్టు దాటినా ఒక్క గ్లాసు రాలేదు. షాపు అద్దె మాత్రం నెలనెలా కడుతున్నాను.

ఈరోజు వెళ్లి నా డబ్బు నాకిచ్చేయమన్నాను. ఆ కంపెనీ నడిపే ఆయన గోడకున్న ఫ్రేమ్ తీసి, టేబుల్ మీద నా వైపు తిప్పి పెట్టాడు. కంపెనీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. తేదీ మీద వేలు పెట్టి, "చూడండి సార్, మా కంపెనీ పుట్టిందే జూన్ 11న. పుట్టని కంపెనీ ఏప్రిల్‌లో మీతో అగ్రిమెంటు ఎలా రాసుకుంటుంది?" అన్నాడు. ఆ అగ్రిమెంటు మీద సంతకం ఆయనదే! వంద రూపాయల స్టాంపు పేపరు మీద 'ప్రైవేట్ లిమిటెడ్' అని రబ్బరు స్టాంపు కొట్టి, ఇంకు ఆరాలని నోటితో ఊదింది కూడా ఆయనే. ఆరోజు నోరారా అన్నా అన్న మనిషి ఈరోజు సార్ అంటున్నాడు.

తప్పు నాదీ ఉంది. డబ్బు తన సొంత ఖాతాకి వేయమన్నప్పుడే నేను ఆగాల్సింది. "కంపెనీ అకౌంట్ ప్రాసెస్‌లో ఉందన్నా" అంటే నమ్మేశాను.

కంపెనీ పుట్టకముందు రాసుకున్న ఒప్పందం దానంతటదే కంపెనీకి అంటదట. కానీ 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 19వ సెక్షన్‌లో ఒక దారి ఉంది. కంపెనీ కోసం ప్రమోటర్లు, అంటే దాన్ని పెట్టేవాళ్లు, ముందే చేసుకున్న ఒప్పందాన్ని, కంపెనీ ఏర్పడ్డాక ఒప్పుకుని ఆ సంగతి మనకు తెలియజేస్తే, దాన్ని కంపెనీ మీద అమలు చేయించవచ్చు. ఆ ఒప్పందం కంపెనీ పత్రాల్లో రాసుకున్న పరిధిలో ఉండాలి, అంతే. "మీ ఏప్రిల్ అగ్రిమెంటు ప్రకారం మిషన్లు పంపుతున్నాం" అని జూలైలో కంపెనీ నుంచి వచ్చిన మెయిల్ నా దగ్గరుంది. లాయర్ గారు దాన్ని రెండుసార్లు చదివి, వెంటనే ప్రింట్ తీయమన్నారు. అది నిలబడకపోయినా, సంతకం పెట్టిన మనిషినే సొంతంగా బాధ్యుణ్ని చేయమని అడగొచ్చట. ఇంకా ఏర్పడని హోటల్ కంపెనీ కోసం వైన్ కొన్నవాళ్లే ఆ డబ్బు కట్టాలని 1866లోనే ఇంగ్లండు కోర్టు తేల్చిందట. సోమవారం నోటీసు వెళ్తోంది.

మీరు డబ్బు కట్టేముందు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) సైట్‌లో కంపెనీ పేరు కొట్టి, రిజిస్టరైన తేదీ చూడండి. ఇంకా కాలేదంటే, కంపెనీ వచ్చినా రాకపోయినా బాధ్యత తనదేనని ఆ మనిషి సొంత పేరు మీద రాయించుకోండి. వాట్సాప్ మెసేజ్‌లు ఒక్కటి కూడా డిలీట్ చేయకండి.