ఎనిమిదేళ్ల సింగపూర్ చెర్రీ: నాటే ముందు చోటు చూసుకోండి

త్వరగా నీడ కావాలి, పెరట్లో పిట్టలు వాలాలి అనుకునేవాళ్లకు సింగపూర్ చెర్రీని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఐదుకు నాలుగు మార్కులు. పోయిన ఒక్క మార్కూ పెళుసు కొమ్మల వల్లే. ఎనిమిదేళ్లుగా ఇంటి పడమటి వైపు పెరుగుతున్న చెట్టును చూసి రాస్తున్న మాటలివి.

పేరులో చెర్రీ ఉన్నా ఇది చెర్రీ జాతి కాదు, సింగపూర్‌దీ కాదు. దక్షిణ మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా దీని పుట్టిల్లు. శాస్త్రీయనామం ముంటింజియా కాలబురా. మన దగ్గర కొన్ని చోట్ల నక్కరేగు అంటారు. కన్నడిగులు గసగసె హణ్ణు అంటారు, ఆ పేరే దీనికి సరిగ్గా నప్పింది: పండు చిదిపితే గుజ్జు నిండా గసగసాల కన్నా సన్నని గింజలే.

ఆకు అంచున రంపపు పళ్లు, తాకితే జిగురు. పువ్వు తెల్లగా, ఐదు రేకులతో పొద్దున్నే విచ్చి సాయంత్రానికి రాలిపోతుంది. పూసినప్పుడు ఆకుల పైకి నిలబడ్డ తొడిమ, పిందె పట్టగానే కిందికి వంగుతుంది. అందుకే పండ్లన్నీ ఆకుల చాటున ఉంటాయి. కొమ్మ కింద నిలబడి పైకి చూస్తే తప్ప కనపడవు.

విత్తనంతో మొక్క రాలేదనేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు గింజను మట్టిలో పాతడం. ఇది వెలుతురు తగిలితేనే మొలిచే గింజ. బాగా పండిన నాలుగైదు పండ్లను గ్లాసు నీళ్లలో పిసికి, జిగురు పోయేదాకా నాలుగుసార్లు కడగాలి. అడుగున మిగిలిన గింజల్ని గుప్పెడు సన్న ఇసుకతో కలిపి, తడి మట్టి మీద చల్లి వదిలేయాలి, పైన మట్టి కప్పొద్దు. నీళ్లు స్ప్రేయర్‌తోనే కొట్టాలి, మగ్గుతో పోస్తే గింజలన్నీ ఓ మూలకు కొట్టుకుపోతాయి. రెండు మూడు వారాల్లో మొలకలొస్తాయి. తడి ఎక్కువైతే మొదలు దగ్గర కుళ్లి వరుసగా వాలిపోతాయి, కాబట్టి గాలి ఆడే పలచటి నీడలో పెట్టాలి. మంచి చెట్టు దొరికితే అంటు కట్టడమే సులువు.

ఒకటిన్నర అడుగు గుంత, నాలుగైదు కిలోల మాగిన పశువుల ఎరువు చాలు. బీడు నేలైనా పెరుగుతుంది, ఉప్పు నేల మాత్రం పడదు. రెండేళ్లలో కాపు మొదలవుతుంది. వేరు ఊనుకున్నాక నీళ్లు, యూరియా అతిగా ఇవ్వొద్దు. ఆకు దట్టమై, కొమ్మ సాగి, బరువుకు విరుగుతుంది.

విరగడమే దీనితో అసలు బెడద. కొమ్మలు గొడుగులా అడ్డంగా సాగుతాయి, కట్టె తేలిక. ఏప్రిల్, మే ఈదురుగాలులకు పంగ దగ్గర చీలుతుంది. మార్చిలోనే మనిషి ఎత్తు దాకా ఉన్న కింది కొమ్మలు తీసి, పై గుబురు పలచన చేయాలి. పెద్ద కొమ్మకు ముందు అడుగు వైపు మూడో వంతు గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోయాలి. పైనుంచే కోస్తే తెగేలోపే ఒరిగి, మాను బెరడును కూడా లాక్కుపోతుంది.

గోడకు, కరెంటు తీగకు పదిహేనడుగుల దూరం ఉండాలి. కారు నిలిపే చోట, మూతలేని తొట్టి పక్కన అసలు వద్దు. పగలు పిగిలిపిట్టలు, కోయిలలు, గోరువంకలు, రాత్రి గబ్బిలాలు తిని రెట్టలు వేస్తాయి. రాలిన పండ్లు చెప్పులకు అంటి ఇల్లంతా జిగురు. జామ, మామిడిని పట్టే పండు ఈగ దీన్నీ పడుతుంది. ఆ చెట్లు పక్కనే ఉంటే రాలినవి రోజూ ఊడ్చి పాతిపెట్టాలి.

పండు ఎర్రబడి, వేలితో నొక్కితే మెత్తగా ఉన్నప్పుడు కోయాలి. పీచుమిఠాయి వాసన అప్పుడే వస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టినా రెండో రోజుకే నీరు కారుతుంది, అందుకే బజారులో కనపడదు. ఎక్కువగా వస్తే జామ్ చేసుకోవచ్చు: కిలో పండ్లకు నాలుగు వందల గ్రాముల పంచదార, రెండు నిమ్మకాయల రసం. గింజలు తీయనక్కర్లేదు. నిమ్మరసం మానేస్తే వట్టి తీపే మిగులుతుంది, గట్టిపడదు కూడా.