పైపర్ కబ్ చెక్క కిట్: రెండు ఎడమ రెక్కలు కట్టినవాడి రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను, ఇది పెట్టె విప్పగానే రిమోట్‌తో ఎగరేసే బొమ్మ విమానం కాదు. పెట్టెలో వచ్చేది చెక్క. పలకల మీద లేజర్‌తో కోసిన ముక్కలు, ఓ కట్ట పుల్లలు, పరిస్తే మంచమంత వచ్చే ప్లాన్ కాగితం, చక్రాలకి వంచిన ఇనుప తీగ, అద్దానికి ఓ ప్లాస్టిక్ ముక్క, అంతే. మోటారు లేదు, రిమోట్ లేదు, ఆఖరికి జిగురు కూడా లేదు. మాది విజయనగరం. సిరిమానోత్సవం అయిన వారానికి ఆర్డర్ పెట్టాను, విమానం నేల వదిలింది ఏప్రిల్లో. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు, చిన్న వర్క్‌షాపు, ఇద్దరో ముగ్గురో కలిసి నడుపుకుంటున్నట్టున్నారు, నేను తిట్టాల్సినవి ఫోన్లో ఎలాగూ తిట్టేశాను.

విమానం పైపర్ జె-3 కబ్, ఎనిమిదో వంతు స్కేలు. అసలు కబ్ రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకి 35 అడుగుల 3 అంగుళాలు, మనకి వచ్చేది దాదాపు 53 అంగుళాలు, అంటే గుమ్మంలోంచి అడ్డంగా పట్టదు, ఏటవాలుగా తిప్పి తీసుకెళ్లాలి. అమెరికాలో పెన్సిల్వేనియాలోని లాక్ హేవెన్‌లో 1938 నుంచి 1947 దాకా ఇంచుమించు 20,000 తయారుచేశారు, 65 గుర్రాల ఇంజను, పసుపు రంగు, పక్కన నల్లటి మెరుపు గీత. కబ్ అంటే ఎలుగుబంటి పిల్ల, తోక మీద దాని బొమ్మే ఉంటుంది, ఆ స్టిక్కర్ కిట్‌తోనే ఇచ్చారు, బాగుంది కూడా. కానీ మా అత్తగారిది సోంపేట దగ్గర పల్లె, ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంటి అంటే ఏమిటో అక్కడివాళ్లకి ఒకళ్లు చెప్పక్కర్లేదు. ఆవిడ పండక్కి వచ్చి దాన్ని చూసి, "అదేటి బాబూ, ఇమానం మీద ఎట్టుకోడానికి ఇంకే బొమ్మా దొరకనేదా?" అంది. స్టిక్కర్ అంటించాను, ఆవిడ ఉన్నన్నాళ్లూ తోక గోడవైపు తిప్పి పెట్టాను.

ఇక చెక్క. ఈ కిట్‌లో మంచీ చెడూ రెండూ ఇక్కడే ఉన్నాయి కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. ఇది బాల్సా, ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది. మా వీధి చివర వడ్రంగి పని చేసే ముసలాయన ఉన్నాడు, బొబ్బిలి వైపు మనిషి, వీణలు చేసే పనస దుంగల్ని చూసి పెరిగినవాడు. ఒక పలక చేతికిస్తే రెండు వేళ్లతో ఎత్తి చూసి, గోరుతో నొక్కి, "ఏటి బాబూ ఇది, కర్రా బెండా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. పెళ్లికి బాసికాలు కట్టే జీలుగు బెండుకి, మన మామూలు కర్రకి మధ్యలో ఎక్కడో ఉంటుంది ఇది. నీటి బరువులో పదో వంతు ఉండే పలకా ఉంటుంది, అయిదో వంతు ఉండేదీ ఉంటుంది. చూడ్డానికి రెండూ ఒకటే. చేత్తో ఎత్తితే కూడా మొదటిసారి చేసేవాడికి తెలియదు.

అందుకని నేను పలకలన్నీ చుట్టబెట్టుకుని మా బావ బంగారం కొట్టుకి వెళ్లాను. మధ్యాహ్నం బేరాలు లేని వేళ. కాటా అద్దాల తలుపు తీసి ఒక్కో పలకని గిన్నె మీద నిలబెట్టి తూస్తుంటే బావ, "తరుగు ఎంత వెయ్యమంటావురా?" అని ఒకటే నవ్వు. నవ్వు సంగతి అలా ఉంచండి, 3 మిల్లీమీటర్ల మందం, 75 వెడల్పు, 900 పొడవు, ఒకే కొలత పలకలు రెండుంటే ఒకటి 22 గ్రాములు, ఇంకోటి 38. తేలికది ముక్కు దగ్గర ముక్కలకి కోశారు, బరువుది తోకకి కోశారు! సరిగ్గా తిరగేసి ఉండాల్సింది. కబ్‌కి ముక్కు పొట్టి, తోక పొడుగు, బరువు తూగాల్సిన చోటు నుంచి కొలిస్తే ముక్కు కంటే తోక దాదాపు మూడు రెట్లు దూరం. తోకలో 10 గ్రాములు ఎక్కువైతే ముక్కులో 30 గ్రాములు సీసం పెట్టి సరిచేయాలి. కోసేవాడు పలక తీసి మిషన్లో పెట్టేముందు ఒక్కసారి తూస్తే అయిపోయే పని ఇది, రూపాయి ఖర్చు లేదు.

కోత మాత్రం శుభ్రంగా ఉంది, అది ఒప్పుకోవాలి. రెక్కలో అడ్డంగా వచ్చే రిబ్బులు ఒకదాని మీద ఒకటి పేర్చి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు, ప్రతి ముక్క మీదా నంబరు చెక్కి ఉంది. పలకలోంచి చేత్తో తుంచొద్దు, నేను మూడో రిబ్బు అలాగే విరగ్గొట్టాను, బ్లేడుతో ఆ చిన్న అతుకులు కోసి తీయాలి. లేజర్‌కి కాలి నల్లబడిన అంచుల్ని ఉప్పు కాగితంతో రెండు సార్లు రుద్దండి, మసి మీద ఫెవికాల్ సరిగ్గా పట్టదు.

ఇప్పుడు రెక్కల కథ. ప్లాన్ మీద ఎడమ రెక్క మాత్రమే గీశారు. మాన్యువల్లో "రెండో రెక్క కూడా ఇలాగే చేయండి" అని ఒక్క ముక్క. ఇలాగే అన్నారు కదా అని ఇలాగే చేశాను. ఫ్లష్ డోర్ ముక్క మీద ప్లాన్ పరిచి, జిగురు అంటకుండా పైన పాల్తీన్ కవరు వేసి, గుండుసూదులు గుచ్చి, పదకొండు రాత్రులు కూర్చుని ముచ్చటగా కట్టి, సూదులు పీకి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే రెండూ ఎడమ రెక్కలే. సర్వో, అంటే రెక్క మీది రెప్పని కదిపే చిన్న మోటారు, అది కూర్చునే గది ఒకదానికి కిందవైపు, ఇంకోదాన్ని తిప్పి పెడితే పైవైపు. మా అబ్బాయి ఏడో తరగతి, "నాన్నా, రెండు ఎడమ కాళ్ల చెప్పులు కొన్నట్టుంది" అన్నాడు. దీనికి పాతవాళ్ల చిట్కా ఒకటుంది, విశాఖలో విమానాలు ఎగరేసే తమ్ముడొకడు తర్వాత చెప్పాడు: ప్లాన్ కాగితానికి నూనె రాసి తిప్పి పరిస్తే గీతలు అవతలి వైపుకి కనిపిస్తాయి, అదే కుడి రెక్క ప్లాన్. మా ఇంట్లో ఉండేది నువ్వుల నూనె, అదే రాశాను, ఇప్పటికీ ఆ ప్లాన్ విప్పితే చీమలు వస్తాయి. అమ్మినవాళ్లకి మెసేజ్ పెడితే నాలుగో రోజు "అందరూ మొదట అలాగే చేస్తారు సార్" అని జవాబు. అందరూ అలాగే చేస్తారని తెలిసినప్పుడు మాన్యువల్లో ఇంకో లైను రాస్తే ఏం పోయింది? అయితే రెక్క ముక్కలు విడిగా అమ్ముతారు, 1,450 రూపాయలు, వారంలో వచ్చాయి.

మన వాతావరణం గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. అక్టోబరు, నవంబరుల్లో అల్పపీడనం పట్టిందంటే బాల్సా తేమ పీల్చి వంకర తిరుగుతుంది, కట్టిన ముక్కని బల్ల మీద నుంచి తొందరపడి తీయకండి, బరువు పెట్టి ఉంచండి. ఫెవిక్విక్ రకం జిగురు తేమలో ఇంకా వేగంగా పట్టేస్తుంది, ముక్క సరిచేసే టైము ఉండదు, పైగా ఆ పొగ కళ్లకి మంట. ఫెవికాల్‌తో నింపాదిగా చేసుకోండి, మోటారు పలకకి, చక్రాల దగ్గర మాత్రం ఆరాల్డైట్. పైన అంటించే పసుపు ఫిల్ము ఇస్త్రీపెట్టెతో వేడిచేస్తే బిగుస్తుంది, వాన రోజుల్లో నున్నగా బిగించినదే మార్చి ఎండకి ముడతలు పడింది, మళ్లీ ఇస్త్రీ చేశాను. ఇస్త్రీపెట్టె పాతది వేరే పెట్టుకోండి. మా ఇంట్లో ఒక తెల్ల చొక్కాకి పసుపు మరక అయింది, ఇంక వివరాలు అడక్కండి.

డబ్బు. కిట్ 6,800. చవకే కదా అనిపిస్తుంది. రిమోట్, రిసీవర్ 5,200, మోటారు, స్పీడ్ కంట్రోలర్ 2,300, లైపో బ్యాటరీ 1,900, చార్జరు 1,400, సర్వోలు నాలుగు 1,000, ఫిల్ము 1,800, జిగుర్లు, బ్లేడ్లు 700. మొత్తం 21,100, నా తెలివికి కట్టిన 1,450 కాక. రిమోట్, చార్జరు రెండో విమానానికీ పనికొస్తాయనుకోండి, అయినా ఇంట్లో చెప్పేటప్పుడు కిట్ ధర ఒక్కటే చెప్పకండి, తర్వాత వచ్చే పార్శిల్ ఒక్కోదానికీ సంజాయిషీ ఇచ్చుకోవాలి. లైపోని విమానంలో పంపనివ్వరని రోడ్డు మీద పంపారు, తొమ్మిది రోజులు పట్టింది.

ఇంకో తప్పు, ఇది నిజంగా ప్రమాదకరం. బరువు తూగాల్సిన చోటు, అంటే సీజీ, ప్లాన్ మీద రెక్క ముందు అంచు నుంచి 58 మిల్లీమీటర్లని ఉంది. మాన్యువల్లో 72. రెక్క వెడల్పు 200. ఇలాంటి విమానానికి నాలుగో వంతుకీ మూడో వంతుకీ మధ్య ఉండాలి, 58 అంటే సరిపోయింది, 72 అంటే మూడో వంతు దాటి వెనక్కి పోయింది, చేయి వదిలీ వదలగానే ముక్కెత్తి, వేగం చచ్చి, పల్టీ కొట్టే విమానం అది. మాన్యువల్ నమ్మినవాడు ఆరు నెలల పని ఆరు సెకన్లలో పోగొట్టుకుంటాడు. ఫోన్ చేసి చెప్తే "అవునా సార్, పాత ప్రింటు అయ్యుంటుంది" అన్నారు. 58 పెట్టుకోండి. అసలు కబ్‌లో కూడా ఈ తూకం బాధ ఉంది, ఒక్కడే నడిపేటప్పుడు వెనక సీట్లోనే కూర్చోవాలి. నేనూ స్కేలు పిచ్చితో వెనక సీట్లో బొమ్మ పైలట్‌ని పెట్టాను కానీ తల ఒక్కటే, థర్మాకోల్‌ది, మొండెం లేదు.

58 దగ్గర తూగడానికి ముక్కులో 85 గ్రాములు పట్టింది. సీసం ఎక్కడ దొరుకుతుందా అని తిరిగి చివరికి చింతపల్లి బీచ్ వైపు వెళ్లినప్పుడు వలలకి కట్టే సీసం గుళ్లు కొన్నాను. మొత్తం విమానం 1,080 గ్రాములు తేలింది, పెట్టె మీద రాసింది 900.

ఎగరేసింది నెల్లిమర్ల దారిలో ఎండిన చెరువులో, పొద్దున్న ఆరింటికి, తొమ్మిది దాటితే సముద్రం గాలి మొదలవుతుంది. విశాఖ తమ్ముడు పక్కన నిలబడ్డాడు. భోగాపురం విమానాశ్రయం మన జిల్లాలోనే ఉంది కాబట్టి మీ చోటు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకున్నాకే వెళ్లండి, గ్రీన్ జోన్ అయితే 120 మీటర్ల ఎత్తులోపు, నడుస్తున్న విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యయితే 60 లోపు. థ్రాటిల్ సగం దాటించేసరికి ఎడమకి లాగింది, తోక మీద నిలువుగా ఉండే రెప్ప, అదే రడ్డర్, కుడికి కొట్టాను, ఎప్పుడు లేచిందో నాకు తెలియలేదు, చక్రాల కింద నీడ వేరే పడింది, అంతే. ఆ పసుపు రెక్కల్లోంచి పొద్దుటి ఎండ దూరి లోపలి రిబ్బులన్నీ లెక్కపెట్టేలా కనిపించాయి. మూడో నంబరు రిబ్బు అతుకుతో సహా. గేదెలు తోలుకెళ్తున్న కుర్రాడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు, నాదీ అదే వాలకం, తమ్ముడు "అన్నా, తిప్పు, తిప్పు" అని అరిచేదాకా.

తిప్పడం దగ్గర కబ్ పేచీ పెడుతుంది. ఎయిలరాన్, అంటే రెక్క వెనక అంచున కదిలే రెప్ప, అదొక్కటే వాడితే పైకి లేచే రెక్క మీద కిందికి వంగిన ఎయిలరాన్ గాలిని ఎక్కువ పట్టుకుని ముక్కుని అవతలికి లాగుతుంది, విమానం ఒకవైపు వాలి ఇంకోవైపు చూస్తుంది. రడ్డర్ కలిపి తిప్పాలి. కిట్ తప్పు కాదు, అసలు విమానం బుద్ధే అది, స్కేలు అంటే ఇదీ వస్తుంది మరి. మెల్లగా వెళ్లినప్పుడు మాత్రం బంగారం. రెక్క చివర్లలో వెనక అంచు ఓ 5 మిల్లీమీటర్లు పైకి లేచేలా ఇస్త్రీతో కాస్త మెలి పెట్టాను, వేగం తగ్గినా రెక్క చివర కూలబడలేదు.

దిగేటప్పుడు రెండుసార్లు ఎగిరిపడింది, చక్రాల తీగ బిగించే ప్లై పలక చిట్లింది. మరీ గట్టి దెబ్బేం కాదు, ఆ పలకే మెతక. కట్టేముందే అది పక్కన పడేసి 3 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్ ముక్క వేసుకోండి, మా వడ్రంగి ముసలాయన పావుగంటలో కోసిచ్చాడు, డబ్బులు తీసుకోలేదు, "బెండు ఎగిరిందేటి?" అని మాత్రం అడిగాడు. వీడియో చూపించాను.

అయిదుకి మూడున్నర ఇస్తాను. సగం స్టారు తోక బరువుకి, ఒకటి పూర్తిగా ఆ సీజీ అంకెకి కోత. రెండో ఎడమ రెక్క మా అటక మీద భద్రంగా ఉంది, ఫిల్ము కూడా వేయలేదు. ఇదే కిట్ కట్టి ఎడమ రెక్క విరగ్గొట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే అడగండి, ఊరికే ఇచ్చేస్తాను, కొరియర్ ఖర్చు మాత్రం మీదే.