విట్లీ కోర్ట్ ఫౌంటెన్‌కి నూటికి నూరు, ఊస్టర్ గదికి సున్నా

ఊస్టర్‌లో ఒక గెస్ట్‌హౌస్‌వాళ్లు ఫ్యామిలీ రూమ్ అని 124 పౌండ్లు ముందే కట్టించుకున్నారు. తీరా వెళ్తే లోపల ఒక డబుల్ బెడ్, ఒక సోఫా. మడత మంచానికి ఇంకో 25 పౌండ్లట! నలుగురం అని రాసిన బుకింగ్‌ని మావారు ఫోన్లో చూపించినా ఓనర్ అటు తిరిగి చూడలేదు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, గది రెండో అంతస్తులో, లిఫ్ట్ లేదు. కింద గది ఖాళీగా ఉన్నా ఇవ్వలేదు. ఆవిడ గుడ్డు తినరని రాత్రే చెప్పాను. పొద్దున ఆమ్లెట్టే తెచ్చి పెట్టారు. ఏమీ అనకుండా ఆవిడ ప్లేటు పక్కకి జరిపేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

మాంచెస్టర్ నుంచి అంతదూరం వచ్చింది విట్లీ కోర్ట్ అనే పాత ప్రభువుల భవనం తోటలో ఉన్న ఫౌంటెన్ కోసం. ఊస్టర్ నుంచి పది మైళ్లే. వేసవి సీజన్లో పదకొండు నుంచి గంటగంటకీ నీళ్లు వదులుతారు, కాసేపే ఉంటుంది. కారు పెట్టాక చెట్ల మధ్య చాలా నడవాలి, కాబట్టి పెద్దవాళ్లతో వెళ్తే అరగంట ముందే చేరుకోండి. పాత కట్టడాలని చూసుకునే ఇంగ్లీష్ హెరిటేజ్ సంస్థ మెంబర్‌షిప్ ఉంటే టికెట్ అక్కర్లేదు.

భవనం 1937లో కాలిపోయింది. పైకప్పు లేదు, కిటికీల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. మా పాప విసుగు మొదలుపెట్టింది. "ఈ కూలిన కొంప చూడ్డానికా?" అన్నారు అత్తయ్యగారు. రాత్రి సరిగ్గా నిద్రపోలేదు మరి.

పదకొండయింది. రాతి సముద్రసర్పం నోట్లోంచి ధార ఒక్కసారిగా పైకి లేచింది. ఆ హోరుకి పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బండకి కట్టేసిన ఆండ్రోమెడాని కాపాడ్డానికి రెక్కల గుర్రం మీద పెర్సియస్ దూకుతున్న గ్రీకు కథ అది. గుర్రం రెక్కలు, పాము మెలికలు, అన్నీ రాతిలోనే. నెస్‌ఫీల్డ్ రూపకల్పన చేస్తే జేమ్స్ ఫోర్సిత్ చెక్కాడు. అప్పట్లో ధార 120 అడుగులు లేచేదట, రైలు దూసుకొచ్చినట్టు మోగేదట. చెవులారా విన్నాక నమ్మాను. ఆ రోజుల్లో నీళ్లు తోడింది ఆవిరి యంత్రం. కట్టించిన డడ్లీ ప్రభువుకి బొగ్గు గనులున్నాయి, ఇక లోటేముంది! ఇల్లు కాలాక దశాబ్దాలు మూగబోయిన దాన్ని మళ్లీ పలికించిన పనివాళ్లకి దండం పెట్టాలి.

గాలి మావైపు తిరిగి తుంపర్లు పడుతుంటే అత్తయ్యగారు కొంగు తలమీద కప్పుకున్నారు తప్ప అడుగు వెనక్కి వెయ్యలేదు. "పన్నెండింటిది కూడా చూసే వెళ్దాం" అన్నది ఆవిడే.

ఈలోపు పక్కనే ఉన్న చర్చికి వెళ్లండి. టికెట్ లేదు. లోపలంతా తెలుపూ బంగారమూ, పైన ఇటలీ చిత్రకారుడు బెలూచీ వేసిన చిత్రాలు. 1747లో కానన్స్ అనే భవనాన్ని వేలం వేసినప్పుడు కొని తెచ్చినవి. బంగారు పూల పని చాలావరకు కాగితపు గుజ్జుతో చేసిందంటే మావారు నమ్మలేదు.

మధ్యాహ్నం గడ్డిమీద కూర్చుని పులిహోర తిన్నాం. పెట్రోలుకి 31 పౌండ్లు అయింది, అది దండగ కాదు. బర్మింగ్‌హామ్‌లో ఉన్నవాళ్లు గది జోలికి పోకుండా సాయంత్రానికి ఇంటికి చేరొచ్చు. దూరం నుంచి వచ్చేవాళ్లు మంచాలెన్నో, గది ఏ అంతస్తో మెయిల్లో రాయించుకున్నాకే డబ్బు కట్టండి. ఆ 25 పౌండ్లు వెనక్కివ్వమని మేం రాసిన మెయిల్‌కి ఇంతవరకు జవాబు లేదు.