చిన్న ట్యూబ్ యాంప్లిఫయర్ ఉన్నవాళ్ళు ఆ షాపు డెమో నమ్మకండి

స్పీకర్లు అమ్మే ఆ షాపాయన పేరు రాయను. సిటీలో ట్యూబ్ యాంప్లిఫయర్ల (పాతకాలం రేడియోల్లోలా గాజు ట్యూబులతో నడిచేవి) పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఆయన ఎవరో తెలుసు. మనలో సగం మంది ఆయన ఇచ్చిన టీ తాగినవాళ్ళమే. నేనూ తాగాను. 38,000 రూపాయలు పడింది ఆ టీ.

నాది ఒక్కో చానల్‌కి పవర్ ఇచ్చే ట్యూబ్ ఒక్కటే, ఈఎల్84 అనే చిన్నది, ఉండే సింగిల్ ఎండెడ్ యాంప్లిఫయర్. బాగా ఉదారంగా లెక్కేసినా నాలుగు వాట్లు. గది 10 బై 12. టేబుల్ మీదో స్టాండ్ల మీదో పట్టే చిన్న స్పీకర్లు కావాలని, యాంప్లిఫయర్ ఇదీ అని, వాట్లు ఇన్నీ అని మొదటి మెసేజ్‌లోనే రాశాను. "మీకోసమే ఉన్నట్టున్నాయి సార్ ఒక జత, 90 డీబీ, అదిరిపోతాయి, వచ్చి వినండి" అన్నారు. (ఈ డీబీ అంటే సెన్సిటివిటీ, ఇచ్చిన కాస్త పవర్‌కి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె.) వెళ్ళి విన్నాను. అదిరిపోయాయి. డబ్బు కట్టాను. సీల్ తియ్యని పెట్టె గోడౌన్ నుంచి నేరుగా ఇంటికొచ్చింది.

ఇంట్లో పెడితే ప్రాణం లేదు. వీణ ఒక్కటే మోగుతున్నంతసేపూ బాగుంది. మృదంగం అందుకోగానే దెబ్బ దెబ్బకీ గరగర. వాల్యూమ్ నాబ్ గడియారంలో రెండు అంకె ఉండే చోటిదాకా తిప్పాను, అయినా వంటింట్లో మిక్సీ వేస్తే పాట వినపడదు. ఫోన్ చేస్తే "ఇంకా పెంచండి సార్, 100 వాట్ల స్పీకర్లు, మీ నాలుగు వాట్లకి వాటికేమవుతుంది" అని నవ్వారు. అంత అనుభవం ఉన్న మనిషి అనాల్సిన మాటేనా అది? 100 వాట్లంటే అవి తట్టుకోగలిగిన పవర్, అంతే. గట్టిగా మోగడానికీ దానికీ సంబంధం లేదు. పైగా యాంప్లిఫయర్ చేతులెత్తేశాక ఇంకా పెంచితే పైకి వెళ్ళేది శబ్దం కాదు, వక్రీకరణ. సన్నటి శబ్దాలు పలికే ట్వీటర్‌కి అది మంచిది కూడా కాదు.

అప్పుడు స్పీకర్ వెనక లేబుల్ చదివాను. 84 డీబీ, 2.83 వోల్ట్, 1 మీటర్, 4 ఓమ్ (ఓమ్ అంటే స్పీకర్ కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత). ఇది ముందే తయారీదారు వెబ్‌సైట్‌లో చూసి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. ఇంజనీరింగ్ చదివాను మరి, అలాంటివి చూడం!

లెక్క తెలియనివాళ్ళ కోసం రాస్తున్నా, ఎందుకంటే మోసమంతా ఇక్కడే ఉంది. 2.83 వోల్ట్ 8 ఓమ్ స్పీకర్‌కి ఇస్తే ఒక వాట్. అదే 4 ఓమ్ స్పీకర్‌కి ఇస్తే రెండు వాట్లు. అంటే ఆ లేబుల్ మీది 84 రెండు వాట్లకి వచ్చింది, ఒక్క వాట్‌కి చూస్తే 81. ఆయన చెప్పింది 90. తేడా 9 డీబీ. ప్రతి 3 డీబీకి పవర్ రెట్టింపు కావాలి కాబట్టి 9 డీబీకి 8 రెట్లు. ఆయన మాట నిజం కావాలంటే నా నాలుగు వాట్లు 32 అవ్వాలి. ఉన్న నాలుగు వాట్లూ పూర్తిగా పెట్టినా మీటర్ దూరంలో 87. ఎనిమిది అడుగుల దూరంలో కూర్చుంటే, రెండు స్పీకర్లూ కలిపి చూసుకున్నా, 82 చుట్టుపక్కల. అదీ దరువు పడిన క్షణంలో వచ్చే పతాక స్థాయి. దరువు సగటు కన్నా 10, 15 డీబీ పైకి లేస్తుంది కాబట్టి, ఆ దెబ్బ పగలకుండా వినాలంటే పాట మొత్తం 70 దగ్గర నడపాలి. పక్కింటివాళ్ళకి మాత్రం ఇబ్బంది లేదు.

యాంప్లిఫయర్ చంకన పెట్టుకుని షాపుకి వెళ్ళాను. ఆయన చాలా శాంతంగా, "మీ యాంప్లిఫయర్‌లోనే ఏదో ఉంది సార్. ఆ రోజు మీరు విన్నది కూడా ఈఎల్84 మీదే కదా, రండి, మళ్ళీ వినండి" అని కూర్చోబెట్టారు. అదే స్పీకర్ల జత, అదే ట్యూబ్ యాంప్లిఫయర్ పైఅరలో నారింజ రంగులో మెరుస్తూ, అదే అదిరిపోయే శబ్దం. ఒక్క నిమిషం నా మీద నాకే అనుమానం వచ్చింది. నాదే పాడైందేమో, ట్యూబులు మార్చాలేమో అని.

అంతలో షాపులో పనిచేసే కుర్రాడు లోపలికొచ్చాడు. పాపం వాడికి మా గొడవ తెలీదు. "అన్నా, ఇది పొద్దున్నుంచీ వేడెక్కుతోంది, ఆపేస్తున్నా" అని పైఅరలో ఉన్న ట్యూబ్ యాంప్లిఫయర్ స్విచ్ నొక్కేశాడు. ట్యూబులు ఎర్రబడి, మసకబారి, ఆరిపోయాయి.

పాట ఆగలేదు.

ట్యూబ్ యాంప్లిఫయర్ ఆపేశాక కూడా రెండు మూడు సెకన్లు పాడుతుంది, నాకూ తెలుసు. చరణం మొత్తం పాడదు కదా. నేను ట్యూబుల వంక చూస్తున్నాను, ఆయన నా వంక చూస్తున్నారు, పాట నడుస్తోంది. లేచి వెనక్కి వెళ్ళి చూశాను. స్పీకర్ వైర్లు కిందఅరలో గుడ్డ కప్పి ఉన్న పెద్ద ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌లోకి వెళ్తున్నాయి. పైనున్న ట్యూబులు పెళ్ళిలో సీరియల్ లైట్ల లాగా, చూడ్డానికి.

ఇదేంటండీ అని అడిగాను. సారీ చెప్తారనుకున్నాను. "నాలుగు వాట్లతో పాటలు వినాలనుకునేవాళ్ళు రేడియో కొనుక్కోవాలి సార్, నా టైమ్ తినకూడదు" అన్నారు. అక్కడున్న ఇంకో ఇద్దరు కస్టమర్ల ముందు. నాలుగు వాట్లని మొదటి మెసేజ్‌లోనే చెప్పినప్పుడు ఈ రేడియో సలహా ఎక్కడికి పోయిందో! తర్వాత, ఇదింకా గొప్ప విషయం, ఆ గుడ్డ కింద ఉన్న యాంప్లిఫయర్ మీద నాకు పది శాతం డిస్కౌంట్ ఇస్తానన్నారు. వాపస్ అంటే మాత్రం "ఓపెన్ చేసిన పెట్టె తీసుకోం, బిల్లు మీద రాసే ఉంది". ఇంటికొచ్చి ఫోన్ చూస్తే 90 డీబీ అన్న ఆ మెసేజ్ డిలీట్ అయి ఉంది. అదృష్టం కొద్దీ స్పీకర్ల ఫోటో ఉందని దాన్ని మా తమ్ముడికి పంపించి ఉన్నాను.

ఆ స్పీకర్లు చెత్త అని నేను అనను. చిన్న పెట్టె, లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ, ఈ మూడూ ఒకే స్పీకర్‌లో రావు. ఏదో ఒకటి వదులుకోవాలి, అది భౌతికశాస్త్రం. 1970లలో బీబీసీ తయారుచేసుకున్న చిన్న స్పీకర్ ఎల్ఎస్3/5ఏ కూడా 82, 83 డీబీ దగ్గరే ఉంటుంది. దగ్గరగా కూర్చుని తక్కువ శబ్దంలో వినేవాళ్ళు ఇప్పటికీ దానికి ప్రాణమిస్తారు. ఈయన ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంటే నేనే ఆలోచించుకునేవాణ్ణి. బేస్ తక్కువైనా ఫర్వాలేదనుకుని నాలుగంగుళాల ఫుల్‌రేంజ్ డ్రైవర్ (బేస్ నుంచి సన్నటి శబ్దం దాకా ఒక్కటే పలికేది) కొని పెట్టె చేయించుకునేవాణ్ణి. ఫోస్టెక్స్ ఎఫ్ఈ103 లాంటిది 8 ఓమ్, 89 డీబీ చుట్టుపక్కల ఉంటుంది. లేదా ట్వీటర్ ముందు బాకాలాంటి హారన్ ఉన్న క్లిప్ష్ కంపెనీ చిన్న స్పీకర్ల జత చూసేవాణ్ణి. వాళ్ళ నంబర్లు కూడా కాస్త ఉదారంగానే ఉంటాయంటారు, అయినా 81 దగ్గరికైతే దిగవు.

సరే, కొనబోయేవాళ్ళు మీ యాంప్లిఫయర్ మీరే మోసుకెళ్ళండి. వైర్లు మీ చేత్తోనే బిగించుకోండి, వీలైతే మధ్యలో ఒకసారి ఆపి చూడండి. డీబీ పక్కన ఓమ్ ఎంతో చదవండి. అమ్మేవాడి మెసేజ్‌లు వచ్చిన వెంటనే స్క్రీన్‌షాట్ తీసుకోండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, కంప్లైంట్ నంబర్ ఇచ్చారు. అది తేలేదాకా ఈ స్పీకర్లు అమ్మను. తేలకపోతే అమ్ముతాను, 84 డీబీ, 4 ఓమ్ అని రాసే అమ్ముతాను. కనీసం 40 వాట్లు ఉన్నవాళ్ళు మాత్రమే అడగండి.